ఆర్విడ్ నింపిన తూటాలు

అమెరికాలోని మోంటానాలో ఆర్విడ్ తన రైఫిల్ తూటాలు నలభై ఏళ్లుగా ఇంట్లోనే నింపుకుంటున్నాడు. ఇంకొకరు నింపినవి చచ్చినా పేల్చడు. "తుపాకి మందు పోసేటప్పుడు వాడి ధ్యాస ఎక్కడుందో ఎవడికి తెలుసు?" అంటాడు.

ఈసారి వేటలో, జింక ఎదురుగా నిలబడి ఉండగా, అతని తూటా తుస్సుమంది. ఇంటికొచ్చి పెట్టెలో మిగిలినవి ఒక్కొక్కటే తూచాడు. పదకొండింటిలో మందే లేదు. రెండింటిలో రెట్టింపు ఉంది. పేల్చి ఉంటే తుపాకీ మొహం మీదే బద్దలయ్యేది.

"వీటిని నింపింది నేనేనా?" అని భార్య లోర్నాను అడిగాడు.

"ఇంకెవరు, నేనా? ఇందాకట్నించీ ఇది నాలుగోసారి అడగటం," అనేసి, ఆమె నాలుక్కరుచుకుంది.

పెట్టె మూత మీద నింపిన తేదీ ఉంది. రాత అతనిదే. పెట్టె మూసి ఆమె వైపు నెట్టాడు.

"అవతల పారెయ్, లోర్నా. ఎవడో నింపినవి నేను పేల్చను."