పళ్లెం నడిమధ్య చోటు

క్రిస్మస్‌కు ఇరుగుపొరుగు ఇళ్లకు పంపే పళ్లెం సర్దడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అంచుల వెంట కజ్జికాయలు, చెక్కలు, ఓ పక్కన నాలుగు కేకు ముక్కలు. నడిమధ్యలో మాత్రం గులాబీ పువ్వులు. ఇనుప అచ్చును నూనెలో కాచి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో దించి, పువ్వు విరగకుండా విదిలించే పని ఇంటర్ నుంచీ నాదే. మా కుటుంబం నాలో గుర్తించిన ఏకైక ప్రతిభ అది. దానికీ పోటీ వస్తుందని నేననుకోలేదు.

పోటీ వదిన రూపంలో వచ్చింది. అన్న పెళ్లయ్యాక అదే మొదటి క్రిస్మస్. వదిన నర్సు. ఫిన్‌లాండ్‌లో ఉద్యోగం కోసం ఆన్‌లైన్‌లో ఆ భాష నేర్చుకుంటోంది. క్లాసులో టీచరమ్మ వాళ్ల దేశపు పండగ వంట చూపించిందట. పఫ్ పిండిని చదరంగా కోసి, నాలుగు మూలల నుంచీ లోపలికి గాట్లు పెట్టి, నడుమ ఎండు ఆల్‌బుఖారా జామ్ వేసి, ఒక్కో మూలలో ఒక కొసను మధ్యకు మడవాలి. పిల్లలు పుల్లకు గుచ్చి తిప్పే గాలిపంకాలా ఉంటుంది. పేరు యోలుతోర్ట్టు. అమ్మ రెండుసార్లు పలకబోయి, "చుక్క" అని తేల్చేసింది. యేసు పుట్టినప్పుడు చుక్కే కదా దారి చూపింది అని ఒక కారణం కూడా వెతికింది.

"ఈసారి నడిమిట్ల చుక్క పెడదాం. పువ్వులు పక్కకు జరుపు" అంది.

"ఏంది, వాడిపోయినయా?"

"ఏటేటా చూసే పువ్వులే గదరా."

ఆల్‌బుఖారా కోసం పత్తర్‌గట్టి బజారుకు పంపింది కూడా నన్నే. దుకాణం భాయ్ బిర్యానీకా అని అడిగాడు. నా అంతిమయాత్రకు అనబోయి, అరకిలో కట్టించుకొచ్చాను. అవి గింజలున్న రకమని వదినకు చెప్పడం మర్చిపోయాను. మర్చిపోవడానికి చాలా శ్రద్ధ పెట్టాను. వదిన మొదటి పండు నొక్కి చూసి, ఒక్కొక్కటే గింజ తీసి, బెల్లం వేసి ఉడికించింది. నా కుట్ర ఆయుష్షు పది నిమిషాలు.

మా గల్లీలో ఎవరింట్లోనూ ఓవెన్ లేదు. రంజాన్ బిస్కెట్లయినా, క్రిస్మస్ కేకయినా, రేకుల్లో సర్ది బేకరీకి తీసుకెళ్తే అక్కడి భట్టీలో కాల్చిస్తారు. ఆ రేకులు మోసేదీ నేనే. అంటే వదిన మడిచిచ్చిన శత్రువును ఒళ్లో పెట్టుకుని, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆటో మెల్లగా పోనివ్వమని బతిమాలింది నేనే.

బేకరీ ఉస్తాద్‌కు నేను చిన్నప్పటి నుంచీ తెలుసు. జీవితమంతా పఫ్‌లు మడిచిన మనిషి. ఆయన నోట నేను విన్న పెద్ద పొగడ్త "చల్తా", అంటే పర్లేదని. ఆ రోజు భట్టీ నుంచి రేకు లాగి, ఒక చుక్కను అరచేతిలో పెట్టుకుని చుట్టూ తిప్పి చూశాడు.

"క్యా బాత్ హై. ఎవరు చేసిన్రు బేటా?"

"నేనే."

అనాలనుకోలేదు. నోరు నాకంటే ముందు బయల్దేరింది. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యేశాడు. ఒక నిమిషం పాటు నా అంత ఆనందంగా ఉన్న దొంగ పాతబస్తీలో లేడు. రెండో నిమిషంలో ఆయన ఒక పిండి చదరం, ఒక కత్తి నా ముందు పెట్టి, "ఒకటి మడిచి చూపించు" అన్నాడు.

మొదటిదానికి గాట్లు మధ్యదాకా పోయి నాలుగు ముక్కలైంది. రెండోదానికి కొసలన్నీ మడిచేశాను. ఉస్తాద్ దాన్ని కాసేపు చూశాడు.

"గిది మన కర్రీ పఫ్ బేటా."

పనివాళ్లు మర్యాదగా గోడ వైపు చూశారు. నవ్వినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే వదిన వీడియో కాల్ చేసింది, చుక్కలు ఎర్రగా కాలాయో లేదో చూద్దామని. ఉస్తాద్ ఫోన్ తీసుకుని, మీ మరిది తను చేసినదాని మడత తనే మర్చిపోయాడమ్మా అన్నాడు. వదిన తెర మీంచి నా పిండి చేతులూ, బల్ల మీది కర్రీ పఫ్పూ చూసింది. ఆ చూపు పూర్తయ్యేలోగా నేను ఇల్లు మారడం గురించి ఆలోచించాను.

"పొద్దుగాల నుంచి ఒక్కడే మడిచిండు ఉస్తాద్. చేతులు అలిసినట్టున్నయి" అంది. తర్వాత నాతో, మామూలుగా: "ఒక కొస మడువు, పక్కది వదిలెయ్ తమ్మీ. అన్నీ నీకే కావాలంటే చుక్క రాదు."

నా మూడో చుక్క కుంటుతూ వచ్చింది. పక్కనే నిలబడి చూసిన ఉస్తాద్‌కు మొదటిసారే కుదిరింది.

వదిన ఇంట్లో ఈ మాట ఎత్తుతుందేమోనని రెండు రోజులు తలుపుల దగ్గర చెవులు పెట్టాను. ఎత్తలేదు. చెప్పేసి ఉంటే హాయిగా కుళ్లుకునేవాణ్ని. మంచితనంలో కూడా నాకంటే ముందుంటే మనిషి ఎక్కడని పోటీపడతాడు?

పండగ మర్నాడు ఎదురింటి గాజుల దుకాణం ఆంటీ మా పళ్లెం తిరిగి తెచ్చింది. ఉత్తది ఇవ్వకూడదని గుప్పెడు చక్కెర పోసింది. తలుపు తీసింది నేను.

"నడిమిట్లది మస్తుంది. ఎవరు చేసిన్రు?"

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్కడున్నది వదిన.

"మా వదిన" అన్నాను. ఆల్‌బుఖారా గింజ మింగినట్టయింది.

"మరి పువ్వులు?"

"అవి నేను."

"అవి ఎప్పుడూ ఉండేటియే గద" అంది ఆంటీ, నా చేతిలో పళ్లెం పెడుతూ.

పొగడ్తే అనుకుని తలుపేశాను.