గీత లోపలి ఇంధనం

ఎం.టెక్.లో అంతరిక్ష యాత్రల ప్రణాళిక చదివేటప్పుడు మా జట్టులో ఒక ఎర్రగుంట్ల అమ్మాయి ఉండేది. ఏ ఉపగ్రహానికి లెక్క వేసినా, పని ముగిశాక దాన్ని కక్ష్య నుంచి దించడానికని కొంత ఇంధనం ముందుగానే విడిగా రాసిపెట్టి, ఆ అంకె చుట్టూ ఎర్రపెన్నుతో గీత గీసేది.

చివరి ప్రాజెక్టులో అదీ వాడితే ఉపగ్రహం ఇంకో ఏడాది పనిచేస్తుంది, మొదటి ర్యాంకు మాదవుతుంది. బతిమాలాను.

"కాదప్పా. మా నాయన సిమెంటు లారీ తోల్తాడు. ఘాట్‌లో నిలబడిపోయిన బండి ఎనకొచ్చేవాళ్లకు ఎంత అడ్డమో నీకేం తెలుసు? పక్కకు తీసేదానికి ఇంత డీజిలు ఉండల్ల."

ర్యాంకు రాలేదు. వారం రోజులు ఆమెతో మాట్లాడకుండా గంభీరంగా ఉన్నాను. ఆమె గమనించలేదు.

ఇప్పుడు నాకు కర్నూల్లో బ్యాంకు ఉద్యోగం. స్కూటరు ఆపినప్పుడల్లా, ఎవరికైనా అడ్డమేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటాను. రెండేళ్ల చదువులో ఒంటబట్టింది అదొక్కటే.