పూడ్చనివ్వని పల్లం

మొన్న మంగళవారం పొద్దున పది గంటల పది నిమిషాలకు మా మరదలు, అంటే తమ్ముడి భార్య, నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. ఏడేళ్ల తర్వాత ఆమె నుంచి వచ్చిన మొదటి పలకరింపు అది. కేతేపల్లి దగ్గర మూసీ పక్కనున్న తమ్ముడి చెలక చదునైపోయి, సున్నపు గీతలతో ప్లాట్లుగా విడిపోయి కనబడింది. కింద ఒక్క మాటా రాయలేదు.

రిటైరయ్యే ముందు నల్లగొండలో మూసీ వరద మైదానపు పటాలు చేసే పని నాది. ఉపగ్రహం కొలిచిన నేల ఎత్తులు గళ్లుగళ్లుగా కంప్యూటరుకు వచ్చేవి. తాటిచెట్ల తలలను కూడా అది నేలే అనుకునేది గనుక ముందు ఆ తప్పుడు దిబ్బలను తీసేసి, తర్వాత నీళ్లు బయటికి పోయే దారి లేని గుంటలన్నిటినీ కొలతలో పొరపాట్లుగా ఎంచి, ఒక్క మీట నొక్కి పూడ్చేయడం ఆఫీసు అలవాటు. నేను మాత్రం ఒక్కొక్కటీ చూడనిదే పూడ్చేదాన్ని కాదు. అలా చూస్తుంటేనే తమ్ముడి చెలకలో నెలవంక ఆకారపు పల్లం బయటపడింది. రెండు కొసలూ మూసీ వైపే తిరిగి, ఇసుక మేటలు పడి మూసుకుపోయాయి. ఏరు ఎప్పుడో వదిలేసిన పాత పాయ అది. చిన్నప్పుడు వానకాలం బాపు, అంటే మా నాన్న, వరి వేసింది అక్కడే.

ఏడేళ్ల కింద నా పటంలో దాన్ని పాయ అనే గుర్తు పెట్టాను. ప్లాట్లకని బేరమాడినవాళ్లు పటం చూసి వెనక్కి తగ్గారు.

మరదలు నేరుగా ఆఫీసుకే వచ్చింది.

“ఏం వదినె, బంగారమసొంటి చెల్కను ఏరు జేసినవంట గదా! జర మా ఇంటి ముంగట గూడ ఒక చెరువు గియ్యరాదు?”

“నేను గియ్యలేదు. ఉన్నది చూపిన.”

“ఊరందరి గుంతలు పూడ్చినవు, తమ్మునిదే కండ్లవడ్డదా? గట్లనే కూసో గా డబ్బ ముందట. మా గడప మాత్రం తొక్కకు.”

ఆమె వెనక తమ్ముడు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడటాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఒక్క మీటతో తీరిపోయే గొడవే, కాని ఆ మీట నొక్కితే పటంలో పాయ పోతుంది, రేపు వరదకు అక్కడ ఇల్లు కట్టుకున్నవాడి మంచం కిందికి ఏరు వస్తుంది. నేను నొక్కలేదు, బతిమాలనూ లేదు.

కంప్యూటరులో నేను పూడ్చనివ్వని పల్లాన్ని ఇప్పుడు టిప్పర్లు మొరంతో నింపాయి. ఇకమీద ఉపగ్రహం ఎన్నిసార్లు కొలిచినా అక్కడ మెరకే కనబడుతుంది, కొత్తగా పటం చేసేవాళ్లు మెరక అనే రాస్తారు, వాళ్లది తప్పూ కాదు. బాపు రోజుల్లో పాయలో వరి వేసుకున్నారు గాని ఇల్లు వేసుకున్నవాళ్లు లేరు.

పోయినవి: బాపు వరి వేసిన పాయ ఒకటి. నా పటం ఒకటి. తమ్ముడికి కట్టని రాఖీలు ఏడు.