ఊపిరి దగ్గర తెగిన సందేశం

నరసన్నపేట దగ్గర కిడ్నీ రోగులకు వైద్యం చేసే ఒక చిన్న ఆసుపత్రి ఉంది. దాని వెబ్‌సైట్‌ను ఆమదాలవలసలో మా ఇంట్లో కూర్చునే నేను చూసుకునేదాన్ని. ప్రోగ్రాము నాకంటే ముందు ఎవరో రాసి వెళ్ళారు. డయాలసిస్‌ లేని రోజుల్లో ఒంట్లో ఎలా ఉందో రోగులు ఫోన్లోంచి పంపితే, డాక్టరుగారు పొద్దున్నే చదివేవారు.

ఒకరోజు ఆయన ఫోన్ చేసి ఒక సందేశం చదివి వినిపించారు. "మా ఆయనకి సూదేసిన కాడ్నుంచి ఒళ్ళంతా దద్దుర్లు. రాత్రి ఊపిరి" అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఊపిరి ఆడిందా, ఆడలేదా? నేనేమనుకోవాలమ్మా?" అన్నారు. ఆ ఇంటికి ఫోన్ కలవడం లేదట. మనిషిని పంపానన్నారు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. రోగిని తీసుకొచ్చారు, ప్రాణానికి ఫరవాలేదు, మందు మార్చారు. 

సందేశం ఎందుకు తెగిందో తెలుసుకుందామని నేనే ఇంగ్లీషులో పేజీడు రాసి పంపి చూశాను. పూర్తిగా చేరింది. తెలుగులో రెండు ముక్కలు రాస్తే అవీ చేరాయి. రోగి భార్యే కంగారులో సగంలో బటన్ నొక్కేసి ఉంటుందనిపించింది. అలా అనుకోవడం హాయిగానూ ఉంది. అయినా మనసొప్పక మర్నాడు వాళ్ళ ఊరికి బస్సెక్కాను.

సముద్రం ఒడ్డున ఊరు. ఆవిడ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది.

"నానేటి, సగంలో ఒగ్గీసినానా? అంతా సెప్పేను తల్లీ. ఊపిరాడక కూకునే తెల్లారించీసినాడని కూడా సెప్పేను."

ఆవిడకు రాయడం రాదు. నోటితో చెబితే ఫోనే అక్షరాలు చేస్తుంది. అదే మళ్ళీ చెప్పమన్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని, సిగ్నల్ దొరికే గోడ పక్కన నిలబడి మొదలుపెట్టింది.  నా ల్యాప్‌టాప్‌లో చూస్తే మళ్ళీ సగమే.

ఎంత పంపుతున్నదీ ఫోన్ ముందే కొలత చెబుతుంది. ప్రోగ్రాము తీసుకున్నది అందులో కొంతే. పెద్ద సందేశం ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్క అందగానే ఇక అంతేననుకుని ప్రోగ్రాము తలుపు వేసేస్తోంది. పైగా తెలుగు అక్షరం దారిలో ఇంగ్లీషు అక్షరం కన్నా ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది. మా ఇంటి మంచి లైను మీద నా ఇంగ్లీషు పేజీ ఒక్కసారే చేరిపోయింది. ఇక్కడ ఆవిడ మాట చేరలేదు.

చెప్పిన కొలత నిండేదాకా చదువుతూనే ఉండేలా అక్కడే అరుగు మీద కూర్చుని మార్చాను. ఆవిడచేత ఇంకోసారి చెప్పించాను. ఈసారి మొత్తం వచ్చింది.

"వచ్చీసిందా?"

"వచ్చీసింది పిన్నీ."

"మరి ముందర అందరూ పంపినవో?"

పాత సందేశాల లెక్క తీసి చూశాను. ఏ సందేశాలు తెగాయో, ఎంతెంత పోయిందో కొలతలు చెబుతున్నాయి. పోయిన మాటలు మాత్రం ఎక్కడా లేవు. డాక్టరుగారూ నేనూ పంచుకుని అందరికీ ఫోన్లు చేశాం. "ఇప్పుడు బాగానే ఉన్నాది లేమ్మా, అప్పుడేటి సెప్పేనో గేపకం నేదు" అన్నవాళ్ళే ఎక్కువ. ఒక ముసలి రైతు మాత్రం వేరే మాట చెప్పాడు.

"డాక్టరుగారు సదివీసి కూడా ఏటీ అన్నేదనుకున్నాను. అందికే రాయడం మానీసినాను."

"ఆయన చదివింది సగమే తాతా. మిగతాది ఆయనకి చేరనేలేదు."

"నాకదెలగ తెలుస్తాది?"

ఆ సాయంత్రం డాక్టరుగారే ఆ రైతుతో మాట్లాడారు. కొన్నాళ్ళకు తాత దగ్గర్నుంచి మళ్ళీ సందేశం వచ్చింది. "కాళ్ళు వాసినాయి." కొలత సరిపోయింది. అయినా ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"ఇంకేటైనా రాసేవా తాతా?"

"నేదమ్మా. అంతే."

ఫోన్ పెట్టేసి కొలత మళ్ళీ చూసుకున్నాను.