తఖ్లా వదిన నాలుగు రాళ్ళు

మా వదిన తఖ్లా సిలువ వేసుకునేది కాదు. గుడికి అందరికంటే ముందు వచ్చేది, ఉపవాసాల్లో ఒక్కటి కూడా వదిలేది కాదు. కానీ మా పాదిరి తూమా అయ్యగారు దీవెన చెప్పి, ఊరంతా నుదురూ గుండే భుజాలూ తాకి సిలువ వేసుకునేటప్పుడు ఆవిడ కుడిచెయ్యి మాత్రం శాలువా కిందే ఉండిపోయేది. కొత్తగా కాపరానికొచ్చిన ఆడపిల్లలు ఆవిడకెంత పొగరోనని గుసగుసలాడితే నా చేత చీవాట్లు తినేవారు. మా వదినని తిట్టే హక్కు నాది. వేరేవాళ్ళకి లేదు.

ఆవిడ మా అన్న సలీబాని చేసుకుని మా కఫర్ లూజాకి వచ్చింది. నాబ్లుస్ పట్నం పిల్ల, సబ్బులు కాచేవాళ్ళ ఇంటి ఆడపడుచు. వచ్చిన రోజే మా బావినీళ్ళు నోట్లో పోసుకుని మొహం చిట్లించింది.

"ఉప్పగా ఉన్నాయేమిటీ నీళ్ళు?"

"సబ్బు తిన్న నోటికి ఉప్పు బాగానే తెలిసిందే వదినా!" అన్నాను.

"తినలేదమ్మా, కడుక్కున్నాను. మీ ఇంట్లో ఆ అలవాటు లేదేమో, పాపం," అంది.

అలా మొదలైంది మా స్నేహం. రొట్టెల పొయ్యి దగ్గర రోజూ పోట్లాడుకునేవాళ్ళం, పండగలకి ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం.

వాగు అవతల ఒక రాళ్ళగుట్ట ఉండేది. మేకలు కూడా మొహం తిప్పుకునే నేల. అది సముద్రం దాటొచ్చి మమ్మల్నేలుతున్న గోతియే అనే పరంగి దొరదే, ఊళ్ళో సమస్తమూ ఆయనదే అయినట్టు. మేం దున్నేది ఆయన పొలం, ఆడించేది ఆయన గానుగ. అయితే బీడు విషయంలో పాతకాలం నుంచీ ఒక ఒప్పందం నడుస్తోంది. రాళ్ళేరి, ఒలీవ మొక్కలు నాటి, కాపుకొచ్చేదాకా పెంచినవాళ్ళకి తోటలో సగం నేలతో సహా శాశ్వతంగా సొంతం. మిగతా సగం దొరది. మా వంశంలో ఇది నాది అని పిడికెడు మట్టి చూపించినవాళ్ళు అప్పటిదాకా లేరు. మా అన్న ఆ గుట్ట అడిగి తీసుకున్నాడు.

వాగువైపు మూలన మొదటి మొక్క నాటిన రోజే, అక్కడున్న బండ మీద ఉలితో ఒక సిలువ చెక్కాడు. తలుపు మీదా, బావి మీదా, ఆఖరికి పిసికిన పిండి మీదా సిలువ గీసుకునే జనం మేం. మాకందులో వింతేమీ లేదు. ఆ యేడు కళ్ళాల రోజుల్లో అన్నకి జ్వరం తగిలింది. వానలు పడకుండానే పోయాడు.

గుట్ట వదిలేసి పుట్టింటికి పొమ్మన్నారు అందరూ. పిల్లాజెల్లా లేని మనిషివి, ఆ రాళ్ళు ఎవరికోసం అన్నారు. వదిన ఎవరి మాటా వినలేదు. వాగు నుంచి కడవలతో నీళ్ళు మోసి మోసి భుజం కాయ కాసింది. మిడతలు వచ్చిన యేడు చుట్టుపక్కల పచ్చటి ఆకు మిగల్లేదు. అప్పుడు అన్న ఉలి పట్టుకెళ్ళి మిగతా మూడు మూలల రాళ్ళ మీదా తనే సిలువలు చెక్కింది.

"ఇదేం సిలువే వదినా, కుంటి మేకలా ఉంది," అన్నాను.

"మిడతలకి కుంటో గుడ్డో తెలుస్తుందా? పని చేస్తే చాలు."

చేసిందనే అనుకున్నాం. మిడతలు గుట్ట పక్కనుంచే పోయాయి. అప్పటినుంచి సిలువ పండగకి మేమంతా మిద్దెల మీద మంటలు వేస్తుంటే, ఆవిడ నూనెగిన్నె పట్టుకుని వెళ్ళి నాలుగు రాళ్ళకీ నూనె రాసి వచ్చేది.

చివరికి ఆ చెట్లు విరగకాశాయి. కోతలవగానే పంపకం. వదిన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. సరిగ్గా అప్పుడే దొర మంచం పట్టాడు.

మా ఊరిపెద్ద మన్సూర్ బాబాయిని దొర కోటకి పిలిపించారు. తిరిగొచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. నీళ్ళిస్తే తాగలేదు.

"ఇచ్చేశాడే బర్బారా. కొండమీది మఠానికి మన ఊరు ఇచ్చేశాడు. తన ఆత్మశాంతి కోసమట."

"ఊరంటే? పొలాలా?"

"పొలాలూ, బావులూ, గానుగా," అని ఆగాడు. "మనుషులూ."

"ఏ మనుషులు బాబాయ్?"

"మనమేనే! నువ్వూ, నేనూ, మీ ఆయనా. పేరు పేరునా చదివారు. నా పేరు చదువుతుంటే నేనక్కడే నిలబడి ఉన్నాను. నా వంక ఎవడూ చూడను కూడా లేదు."

గొర్రెని అమ్మినా ముందు దాని పళ్ళు చూస్తారు. మమ్మల్ని అంతమాత్రం కూడా చూడకుండా ఇచ్చేశారు. వదిన మాత్రం ఒకటే అడిగింది.

"వాగు అవతలది కూడానా?"

"కాదమ్మా. వాగు దాకే. నీ తోట దొర కిందే ఉంది. పంపకం పంపకమే."

ఆవిడ ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది.

హద్దుల వెంట నడిచి గుర్తులు పెట్టించడానికి మఠం నుంచి సన్యాసి ఒడో వచ్చాడు. దొర తరఫున ఒక మనిషి, మా మాటలు అటూ ఇటూ చెప్పడానికి సముద్రపొడ్డున ఉన్న అక్కా పట్నం నుంచి దుబాసీ యానీ, హద్దురాళ్ళ మీద గుర్తు చెక్కడానికి ఒక రాతిపనివాడు వెంట ఉన్నారు. ఊరిపెద్దలూ, హద్దు పక్కన సాగు చేసేవాళ్ళూ సువార్త మీద చెయ్యి పెట్టి నిజమే చెబుతామని ప్రమాణం చేశారు. వదిన కూడా చేసింది. ఊరంతా వెనకాల నడిచాం. రాతిపనివాడు చెక్కుతున్న గుర్తు ఏమిటో నేను చూశాను, అందరూ చూశారు. సిలువ. మఠం భూమి ఎక్కడున్నా దాని హద్దురాయి మీద సిలువే ఉంటుంది. చూసి కూడా మాలో ఒక్కరికీ బుర్రలో వెలగలేదు!

వాగు దగ్గరకొచ్చేసరికి ఒడో ఆగిపోయాడు. అవతలి ఒడ్డున నూనెతో మెరుస్తున్న అన్న బండ కనబడింది. నీళ్ళలో దిగి గబగబా దాటి, ఆ బండ ముందు మోకాళ్ళ మీద పడి సిలువని ముద్దు పెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. మా సిలువకి పరంగి సన్యాసి మొక్కాడని మురిసిపోతూ మేమూ వెనకాలే వాగు దాటాం.

"స్వామివారు ఏమంటున్నారు?" అంది వదిన నవ్వుతూ.

దుబాసీ యానీ నవ్వలేదు. "ఇది పూర్వం గుడి భూమి అట. మఠం చేజారిన భూమిని దేవుడే మళ్ళీ చూపించాడంటున్నారు."

"పూర్వమేమిటయ్యా! మూల మూలకీ సిలువలున్నాయి, అన్నీ మొన్నమొన్న చెక్కినవే. నేనే సాక్ష్యం."

ఒడో లేచి ఆవిడ వైపు తిరిగాడు. ఎవరి పేరున చెక్కారని అడిగాడు.

"ఎవరి పేరునేమిటి, ఏసుప్రభువు పేరునే. మిడతలు రాకుండా, దిష్టి తగలకుండా. ప్రభువా, ఈ తోట నీదే, నువ్వే చూసుకో అని."

యానీ వెంటనే అనువదించలేదు. గొంతు తగ్గించి, "అమ్మా, ఆ చివరి మాట కూడా చెప్పమంటావా?" అన్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పవయ్యా. ప్రమాణం చేశాను కదా."

చెప్పాడు. ఒడో తలూపాడు. సాక్షుల ముందు ఒప్పుకుంది కదా, సిలువ గుర్తు వేసి నీదే అన్నాక అది క్రీస్తుకి ఇచ్చినట్టే, క్రీస్తుకి ఇచ్చింది మఠానిదే అన్నాడు. అంతే. అంత పెద్ద తోట రెండు మాటల్లో పోయింది.

మన్సూర్ బాబాయి ముందుకొచ్చాడు. "స్వామీ, అదేదో మాటవరసకి అంటాం. బిడ్డ పుట్టినా వీడు నీవాడే ప్రభువా అంటాం. అంతమాత్రాన పిల్లల్ని మఠానికి ఇచ్చేసినట్టా?"

"వాళ్ళనీ ఇచ్చేశాంగా మొన్న," అన్నాడు దొర మనిషి.

నవ్వబోయినవాళ్ళ నోళ్ళు టక్కున మూతపడ్డాయి.

"నువ్వేమయ్యా, నీ దొర సగం కూడా పోతోంది, పట్టదా?" అన్నాను ఉండబట్టలేక.

"దొరగారికిప్పుడు కావాల్సింది స్వర్గమమ్మా, నూనె కాదు."

వదిన ఒడో ఎదురుగా నిలబడింది. "రొట్టె మీద కూడా సిలువ గీస్తాను స్వామీ. పొద్దున నా పొయ్యి దగ్గరకొచ్చి రొట్టెలు కూడా మీవే అంటారా?"

యానీ దాన్ని ఎలా చెప్పాడో తెలియదు. ఒడోకి కోపం రాలేదు. ఇప్పటికీ నాకదే ఆశ్చర్యం, ఆ మనిషి చెడ్డవాడు కాడు. తనకి తెలిసిన న్యాయం తను చెబుతున్నాడు. మెల్లగా నాలుగు మాటలన్నాడు. యానీ వాటిని నేలచూపులు చూస్తూ మాకు చెప్పాడు.

"నువ్వు ఇవ్వలేదన్నది నిజమైతే, ఆ సిలువలు నీ చేత్తోనే చెరిపెయ్యమంటున్నారు. చెరిపిన మేర మఠం అడగదట. అందరి ముందూ మాట ఇస్తున్నారు."

ఏ క్రైస్తవురాలూ ఆ పని చెయ్యదని ఆయనకి గట్టి నమ్మకం. మాకూ అదే నమ్మకం. సిలువ మీద సుత్తి వెయ్యడమా! తూమా అయ్యగారు గబుక్కున సిలువ వేసుకున్నారు.

వదిన గట్టెక్కి పైమూల రాయి దాకా నడిచింది, మేమంతా వెనకాలే. రాతిపనివాడి చేతిలోంచి సుత్తి తీసుకుంది.

"వద్దు తల్లీ," అన్నారు అయ్యగారు.

కొట్టింది.

ఆ చప్పుడికి ముసలివాళ్ళు చెవులు మూసుకున్నారు. నేను కుంటిమేక అన్న సిలువ పెచ్చులు పెచ్చులుగా రాలింది. రెండో రాయి దగ్గరికి వెళ్ళింది, కొట్టింది. మూడోది. కళ్ళ వెంట ధారలు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగడం లేదు. అది మా వదినేనా అనిపించింది నాకు. ఒడో అయితే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

మళ్ళీ వాగువైపు మూలకొచ్చింది. సుత్తి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"కానియ్యి వదినా! ఒక్కటే మిగిలింది!" నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఇది నేను చెక్కింది కాదే," అంది. "మీ అన్నది."

"అయితే?"

"ఆ మూడూ నేనిచ్చాను, నేనే వెనక్కి తీసుకున్నాను. నరకానికి పోతే నేనే పోతాను. ఇది ఆయన ఇచ్చింది. చచ్చిపోయినవాడు ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోడానికి నేనెవర్తిని?"

సుత్తి రాతిపనివాడికి ఇచ్చేసింది. యానీ ఆ మాటలు ఒడోకి చెప్పాడు. ఒడో విన్న తరవాత ఆ మూల కొసని మఠానికి కలిపి గీత గీయించాడు. మిగతాది అడగలేదు, మాట తప్పలేదు. కానీ మా అన్న మొదటి మొక్క, తోటకంతటికీ బాగా కాసే చెట్టు, ఆ గీతకి అవతల ఉండిపోయింది.

పంపకం జరిగింది. మా వంశంలో మొదటిసారి సొంత మట్టి వచ్చింది, మా వదిన పేరు మీద. గానుగ నుంచి వచ్చిన తొలి నూనెని గుడి దీపానికి నా చేతికిచ్చి పంపింది. తూమా అయ్యగారు ఆ కడవ తీసుకుని తిన్నగా ఆవిడ ఇంటికే వచ్చారు.

"రాయే కదమ్మా. నువ్వు చెక్కిన రాయి, నువ్వు కొట్టుకున్నావు. దేవుడు దాన్ని పట్టించుకోడు."

"చెక్కాక నాది కాదని ఆ సన్యాసి అన్నాడుగా అయ్యా. మరి కొట్టేటప్పుడు నాదెలా అయింది?"

ఆయన ఏదో ప్రాయశ్చిత్తం చెప్పారు, ఆవిడ అంతకు రెట్టింపు చేసింది. అయినా సుత్తి పట్టిన ఆ కుడిచెయ్యి మళ్ళీ నుదుటిదాకా లేవలేదు. పిండి పిసికింది, కాయలు కోసింది, నన్ను జుట్టుపట్టుకుని లాగింది కూడా. సిలువ మాత్రం వెయ్యలేదు. సిలువ పండగ వస్తే వాగు మూలకి వెళ్ళి, మఠం నేలలో ఉన్న అన్న బండకి ఎడమచేత్తో నూనె రాసేది. ఆపొద్దని ఒడోయే కాపలావాడికి చెప్పాడని తరవాత తెలిసింది.

పోయిన వానాకాలంలో వదిన పోయింది. తోట నా పిల్లలకి వదిలింది. ఆడవాళ్ళం స్నానం చేయించి, కొత్త గుడ్డ కట్టి, మా పద్ధతి ప్రకారం చేతులు గుండె మీద సిలువగా మడవాలి. ఎడమచెయ్యి ఎవరో పెట్టారు. కుడిచెయ్యి ముట్టుకోడానికి ఒక్కరూ ముందుకు రాలేదు, అందరూ నా వంక చూశారు.

నేనే తీశాను. కాయలు కాసిన చెయ్యి, ఇంకా బిగుసుకోలేదు. తెచ్చి ఎడమచేతి మీద అడ్డంగా పెట్టాను.

"కుంటిమేకలాగే ఉందే వదినా," అన్నాను. ఆ తరవాత నాకు ఏడుపు ఆగలేదు.