కేజీకి రెండు వందలు

ఒక్క ఉత్తరం ముక్కతో నా కొంపతో పాటు నాకు జీతమిచ్చే రైసుమిల్లు కొంప కూడా ముంచబోయిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మండపేట దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తాని. నా బరువు నూట రెండు కేజీలు. ధాన్యం బస్తా పక్కన నిలబడితే బస్తాయే నాజూగ్గా కనిపించేది. మిల్లు మొత్తమ్మీద ఆ విషయంలో నాకు పోటీ వచ్చేది క్యాషియరు డానియేలు గారొక్కరే.

మా ఓనరు సత్తిరాజు గారు పరమ పొదుపరి. వచ్చిన కవర్లనే తిరగేసి అతికించి మళ్ళీ వాడించే మనిషి. అలాంటాయన హైదరాబాదులో గుండె ఆపరేషను చేయించుకుని రెండు నెలల తర్వాత మిల్లుకొచ్చారు. వస్తూనే మా ఇద్దర్నీ పిలిచారు.

"రేపట్నించి పొద్దున్నే కాలవ గట్టు మీద నడవండయ్యా. నెలకోసారి మన కాటా మీద తూగండి. తగ్గిన ప్రతి కేజీకీ రెండొందలిస్తాను."

"ఆయ్, అలాగేనండి," అనేశారు డానియేలు గారు. నాకు మాత్రం అనుమానమొచ్చింది. బయటికి రాగానే ఆయన్ని పట్టుకున్నాను.

"ఈయన మనకెందుకిస్తారండీ డబ్బులు?"

"మన ఆరోగ్యం కోసమండి."

"అదే అంటున్నాను. మన ఆరోగ్యంతో ఆయనకేం పని?"

ఇంటికెళ్ళి అన్నం ముందు కూచుని ఆలోచించాను. నాకు ఆలోచనలన్నీ అక్కడే వస్తాయి. మా పేరు మీద ఇన్సూరెన్సేదైనా చేయించారా? నడక అలవాటు చేసి, రాజమండ్రి బ్యాంకు పనికిచ్చే బస్సు చార్జీలు ఎగ్గొడతారా? మా ఆవిడ సుశీల అంతా విని, "నడిస్తే ఇస్తానన్నారు గానీ కాలవలో దూకితే ఇస్తానన్నారా? నడవండి," అని రెండోసారి కూర వడ్డించకుండా లేచిపోయింది.

నడిచాను, అనుమానిస్తూనే. అవతలి గట్టు మీద ఓనరు గారు మంకీక్యాపు పెట్టుకుని నడుస్తూ, మధ్యమధ్య ఆగి మావైపు చూసేవారు.

"చూశారా, కాపలా!" అన్నాను.

"చెయ్యి ఊపుతున్నారండీ. మీరూ ఊపండి," అన్నారు డానియేలు గారు. నేను ఊపలేదు.

మీ దగ్గర దాపరికమెందుకు? గట్టు చివర ఒక పెసరట్ల బండి ఉండేది. డానియేలు గారు దాన్ని దాటి వెళ్ళిపోయేవారు. నేను దాటలేకపోయేవాణ్ణి. నడక ఒంటికోసం, పెసరట్టు ఉప్మా నీరసానికి. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని నా గట్టి నమ్మకం.

నెల తిరిగింది. డానియేలు గారు నాలుగు కేజీలు తగ్గారు. ఓనరు గారు అక్కడికక్కడే ఎనిమిది వందలిచ్చారు. నేనొక నోటు తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాను. అసలుదే. తర్వాత నేనెక్కాను. నూట రెండు. గ్రాము కదల్లేదు.

"ఏమయ్యా మూర్తీ, నడుస్తున్నావా?"

"రోజూ నడుస్తున్నానండీ!"

"మరి?"

"కాటానడగాలండి," అన్నాను కోపంగా.

అవును, కాటాలోనే ఏదో ఉంది! నేనెక్కినప్పుడు మాత్రం ఏదో మీట నొక్కుతున్నారు! తూనికలు కొలతల ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం రాసేశాను. పోస్టు ముద్ర వల్ల దొరికిపోతానేమోనని రాజమండ్రి దాకా వెళ్ళి, గోదావరి స్టేషను దగ్గర డబ్బాలో వేసి, అటూ ఇటూ చూసి బస్సెక్కాను. అంత జాగ్రత్తపరుణ్ణి.

రెండో నెల తూగే రోజొచ్చింది. ధాన్యం తెచ్చిన రైతులు చుట్టూ మూగారు. నేనెక్కాను. తొంభై ఏడు!

ఐదు కేజీలు! జన్మలో అనుమానపడాల్సిన ఒకే ఒక్క క్షణంలో నేను అనుమానపడలేదండీ. ఓనరు గారు పకపకా నవ్వి, వెయ్యి రూపాయలు తీసి చెయ్యి చాపారు. నేనూ చాపాను. సరిగ్గా అప్పుడే గేట్లో జీపు ఆగింది.

దిగిన ఇన్‌స్పెక్టరు గారు ఇరవై కేజీల తూకం రాళ్ళు ఐదు కాటా మీద పెట్టించారు. తొంభై ఐదు చూపించింది.

"ఐదు కేజీలు తక్కువ చూపిస్తోందేంటండీ?"

హమాలీ ఒకడు నసిగాడు. "నాలుగు రోజుల కిందట లారీ ఎనక్కొస్తా తగిలిందండి. ఏం కాలేదనుకున్నామండి."

"అంటే నాలుగు రోజులుగా తూకానికి ఐదు కేజీల ధాన్యం మాకు పోయినట్టే కదండీ!" అని రైతులు గొల్లుమన్నారు.

ఓనరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. తగ్గిన ధాన్యానికల్లా డబ్బు తిరిగిస్తానని అందరి ముందూ ఒప్పుకున్నారు. నా వెయ్యి రూపాయలూ ఆయన జేబులోకి తిరిగెళ్ళిపోయాయి. నేను మళ్ళీ నూట రెండయ్యాను.

అంతటితో అయిపోతే బాగుండును. ఇన్‌స్పెక్టరు గారు జేబులోంచి ఉత్తరం తీశారు.

"ఇక్కడ మూర్తి గారంటే ఎవరండీ? మీ ఉత్తరం చూసే వచ్చాం."

ఆకాశరామన్న ఉత్తరానికి సంతకమేంటంటారా? ఇరవయ్యేళ్ళ గుమాస్తాగిరీ అండీ! చివర్న నా చెయ్యి దానంతటదే "ఇట్లు, తమ విధేయుడు" అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టి, కింద మిల్లు రబ్బరు స్టాంపు కూడా వేసేసింది.

"శభాష్ గుమాస్తా గారూ!" అని రైతులు చప్పట్లు కొట్టారు. ఓనరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"నీకేం అన్యాయం చేశానయ్యా?"

"మీరు ఊరికే డబ్బులిస్తానంటే భయమేసిందండి," అన్నాను. నిజం అదే.

"ఊరికే కాదయ్యా. డాక్టరు రోజూ నడవమన్నాడు. గట్టు మీద ఒంటరిగా నడవాలంటే భయం. పడిపోతే చూసేవాడెవడు? తోడు రమ్మని అడగడానికి మొహమాటపడి డబ్బాశ పెట్టాను."

నేను తలెత్తలేకపోయాను.

"పోనీలే. రేపట్నించి అవతలి గట్టున కాదు, నా పక్కనే నడువు. పైసా ఇవ్వను."

నడిచాను. ఆపరేషను కథ మత్తుమందు దగ్గర్నించి ఆఖరి కుట్టు దాకా రోజూ వినిపించేవారు. పెసరట్ల బండి రాగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేవారు. మూడు నెలల్లో, బాగుచేయించిన కాటా మీద, పన్నెండు కేజీలు తగ్గాను. అదీ పూర్తిగా ఉచితంగా! "రెండువేల నాలుగొందలండీ," అని సుశీల ఇప్పటికీ పండక్కీ పబ్బానికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో ఎవరైనా డబ్బులిస్తానంటే ఎందుకని అడగను గాక అడగను. ముందు తీసుకుంటాను. అనుమానం తర్వాత తీరిగ్గా పడతాను.