తాబేలు పిల్లలు చూపిన మలుపు

1974లో నేను కోదాడలో మత్స్యశాఖ ఫీల్డ్‌మన్‌ని. చెరువుల్లో చేపపిల్లలు వదలడం, కొన్నాళ్లకు వల వేయించి అవి పెరుగుతున్నాయో లేదో చూడడం, రిపోర్టు రాయడం నా పని. ఆ వల వేసి చూడడాన్ని ట్రయల్ నెట్టింగ్ అంటాం. అప్పటికి సాగర్ ఎడమ కాలువ నీళ్లు మా వైపు కొత్త. వానకు నిండే చెరువుల్లోకి కాలువ నీళ్లు దిగుతుంటే ఊళ్లన్నీ సంబరపడుతున్నాయి. చెరువులు మారాయి కానీ నేను మారలేదు.

నడిగూడెం వైపు ఒక చెరువులో ఫ్రై, అంటే వేలి గోరంత చేపపిల్లలు, నా చేతులతోనే వదిలాను. దారి పొడవునా డబ్బాల్లో నీళ్లు చేత్తో కదుపుతూ ప్రాణంలా తెచ్చిన పిల్లలు. ఎప్పటిలాగే కట్ట దగ్గర, తూము పక్కన లోతు చూసి వదిలాను. రెండు నెలలకు ట్రయల్ నెట్టింగుకు వెళ్లి అక్కడే మూడుసార్లు వల లాగించాను. నాచు, జల్ల చేపలు, అరచేతంత తాబేలు ఒకటి వచ్చాయి. మా పిల్ల ఒక్కటీ లేదు.

బెస్తల సొసైటీ ప్రెసిడెంటు యాదగిరి ముఖం వాడిపోయింది. నేను 'సర్వైవల్ నిల్' అని, అంటే ఒక్కటీ బతకలేదని రాస్తే, మరుసటి ఏడు ఆ చెరువుకు పిల్లలు రావు. అక్కడి బెస్తల ఇళ్లన్నీ ఆ చెరువు మీదే బతుకుతున్నాయి.

"తాబేళ్లు తినేసి ఉంటాయి" అన్నాను. నా దగ్గర ఏ ఆధారమూ లేదు. తప్పు నాది కాదనిపించుకోవాలి, అంతే.

"ఇగో, దొంగ దొరికిండు! రేపు అన్నిట్నీ పట్టి ఖతం జేస్త సారూ" అన్నాడు యాదగిరి, వలలో పడ్డ తాబేలును బుట్టలో వేస్తూ.

కట్ట మీద వల కుట్టుకుంటున్న అతని తల్లి బుచ్చమ్మ తలెత్తింది. "వలల తాబేలు పడితే దండం బెట్టి ఇడిసేటోళ్లం గద బిడ్డా. గియ్యాల దొంగయిందా?" అని కొడుకును కసిరి, నా వైపు తిరిగింది. "సారూ, పిల్లల్ని యాడ ఇడిసినవ్?"

"ఇక్కడే, తూము దగ్గర."

"ఇడిసినకాడ్నే కూసుంటానికి అవేమన్న నీ ఆఫీసు కుర్చీలా?"

పక్కనున్న వాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అప్పటికే పెన్సిలుతో 'నిల్' రాసేశాను కూడా.

"ఊకె పరేషాన్ గాకు. తాబేలు పిల్లలు పొద్దుగాల యాడ జమైతయో సూపిస్త, రా" అని ఆమె మమ్మల్ని తెప్ప మీద ఎగువకు తీసుకెళ్లింది. కాలువ నీళ్లు చెరువులోకి దిగి, ఒక రాతి గుట్టకు తగిలి, మలుపు తిరిగి మందగిస్తున్నాయి. నురగ, నాచు తునకలు, కొట్టుకొచ్చిన చెత్త అక్కడే గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి మధ్య చిన్న చిన్న తాబేలు తలలు.

"నీళ్లే మేత మోసుకొచ్చి గీడ దించుతున్నయ్. చేపపిల్లయినా, తాబేలు పిల్లయినా కడుపు నిండేకాడ్నే ఉంటది."

వల వేశారు. పైకి లాగుతుంటే తెల్లగా ఎగిరిపడ్డాయి మా పిల్లలు! వేలెడంత అయ్యాయి. ప్లాంక్టన్, అంటే నీటితో కొట్టుకొచ్చే సన్నటి పురుగూ నాచూ, అదే వాటి మేత. పరీక్షలో రాసి పాసైన సంగతే. కదిలే నీటిలో అదెక్కడ చేరుతుందో ఆలోచించలేదు. సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. యాదగిరి కట్ట దగ్గరికి వెళ్లి, బుట్టలో ఉన్న తాబేలును రెండు చేతులా ఎత్తి, "తప్పయింది తల్లీ" అని నీళ్లలో వదిలాడు. ఆ మాట నేనూ అనాల్సింది. రబ్బరు తీసి 'నిల్' చెరిపేశాను.

కొన్నేళ్లకు కాకినాడలో ట్రైనింగులో ఒక ఆఫీసరు, సముద్రంలోనూ తాబేలు పిల్లలు ప్రవాహాలు మేత చేర్చే చోటికే చేరతాయని చెప్పాడు. అందరూ నోట్సు రాసుకున్నారు. నాకు బుచ్చమ్మ గుర్తొచ్చింది. ఆమె సముద్రం చూడనేలేదు.

ఒక చెరువులో నిజమైనది మరో చెరువులో, అదే చెరువులో మరో ఏడు, నిజం కాకపోవచ్చని బుచ్చమ్మ మలుపు చూపిన రోజే తెలిసింది. తెలియనిది తెలిసినట్టు చెబితే దెబ్బ తగిలేది నోరులేని వాటికేనని కూడా.

అందుకే ఆ మరుసటి ఏడు, 1975లో, డబ్బాలతో అదే చెరువు దగ్గర దిగగానే, "ఎక్కడ వదలమంటావు పెద్దమ్మా?" అని అడిగాను.

"నన్నెందుకు అడుగుతవ్ సారూ" అంది బుచ్చమ్మ, మలుపులో తేలుతున్న తాబేలు తలల వైపు చెయ్యి చూపుతూ. "గాటినడుగు."